మామిడిచెట్టు నర్సరీలో పద్నాలుగు రోజుల మర్యాద

మా కబ్వే పట్నంలోని మామిడిచెట్టు నర్సరీలో పదకొండేళ్లుగా వైవిధ్యం అనేదే లేదనీ, ఊరికే పిల్లలు మాత్రమే ఉంటున్నారనీ గత జులైలో అధికారికంగా తేలింది.

ఈ లోపాన్ని కనిపెట్టిన ఘనత శిశువిద్యా సమత్వ వైవిధ్య సాధక సంఘం వారిది. సంఘంలోని అధికారులందరూ రాజధాని లుసాకాలో ఒక పెద్ద హోటల్లో ఐదు రోజులు శిక్షణ పొందారు. చివరి రోజున తలా ఒక నీలిరంగు సంచి, ఒక పెన్ను, ముప్ఫై ఆరు పేజీల ఫారం ఇచ్చారు. ఫారం నింపాలంటే పిల్లలు కావాలి కనుక వారు పిల్లల్ని వెతుక్కుంటూ జిల్లాల మీద పడ్డారు. మా జిల్లాకు వచ్చినవారు మిస్టర్ చీలో.

నర్సరీ బానా ముబంగది. బానా ముబంగ అంటే ముబంగ తల్లి అని. ఆ ముబంగ ఇప్పుడు గడ్డం పెంచుకుని గనుల వైపు లారీ నడుపుతున్నాడు, అయినా ఆవిడ ఊరందరికీ ముబంగ తల్లే. ఒక ఇటుకల గది, ఒక రేకుల వంటిల్లు, ఒక జారుడుబల్ల, నాలుగు బొమ్మలు, నలభై ముగ్గురు పిల్లలు, ఒక వంటావిడ, ఇదీ ఆవిడ సామ్రాజ్యం. వంటావిడ పేరు అమాయ్ జెరె. బానా ముబంగ బెంబా తెగ మనిషి. అమాయ్ జెరె ఎంగోనీ. పదకొండేళ్లుగా ఆ బడిలో మొదటి గంట మోగేది వాళ్ళిద్దరి నోళ్ళలోనే.

చీలో గారు వచ్చిన ఉదయం కూడా బడి యథావిధిగా మొదలైంది.

"ఏమే, ఇవాళ గంటె ఇంత నెమ్మదిగా తిరుగుతోంది? నిన్న ఎలకలు దొరకలేదా?" అంది బానా ముబంగ వంటింటి గుమ్మంలో నిలబడి.

"దొరికాయి తల్లీ. మీవాళ్ళు కోతి దొరక్క మా ఇంటికొచ్చి అడుక్కుంటే పెట్టేశాను," అంది అమాయ్ జెరె, మొక్కజొన్నపిండి ఎన్‌షిమా ముద్ద తిప్పుతూ.

"మా తాతల్ని చూసి పారిపోయేటప్పుడు కూడా మీ తాతలు ఆ ఎలకల బుట్ట వదల్లేదట కదే."

"పారిపోయింది మీవాళ్ళు. పారిపోయి చెట్లెక్కారు. కోతులతో పరిచయం అయింది అక్కడే."

పిల్లలు విరగబడి నవ్వారు. నవ్వనిది చీలో గారొక్కరే. ఆయన మూడేళ్ల పిల్లల కుర్చీలో మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చుని, ఎనిమిది గంటలు కొట్టేలోపలే పదిహేడు దూషణలు జరిగినట్టు రాసుకున్నారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ముత్తాతల కాలంలో బెంబాలూ ఎంగోనీలూ ఒకరినొకరు చావగొట్టుకున్నారు. ఎవరు గెలిచారో ఈనాటికీ తేలలేదు. తేలే ఆశ కూడా లేకపోవడంతో రెండు తెగలూ బావామరదళ్ళ వరస కలుపుకున్నాయి. అప్పట్నుంచీ ఎలకలు తింటారని వీళ్ళు వాళ్ళనీ, కోతుల్ని తింటారని వాళ్ళు వీళ్ళనీ ఎక్కడ కనబడితే అక్కడ తిట్టవచ్చు. రోషపడినవాడే వెధవ. చావు ఇంట్లో అయితే తిట్టి తీరాలి. అయినవాళ్ళు ఏడుస్తూ కూర్చుంటే ఈ వరసవాళ్ళు వచ్చి, పొయ్యి రాజేసి, నీళ్ళు మోసి, పోయినవాణ్ణి ఎగతాళి చేసి, ఏడ్చేవాళ్ళని నవ్వించాలి. అలా రానివాడు ఎదురైతే జనం మొహం పక్కకు తిప్పుకుంటారు.

ఇదంతా బానా ముబంగ ఆయనకు ఓపిగ్గా చెప్పింది. "మీరు టోంగా తెగ మనిషి. మీకూ లోజీవాళ్ళు వరసే కదండీ. మీ లోజీ డ్రైవరు పొద్దున్న మిమ్మల్ని ఆవులకి బామ్మర్ది అన్నాడు, గేటు దగ్గర నా చెవులారా విన్నాను."

"నాకు తెలియదా అమ్మా," అన్నారు చీలో గారు బాధగా. "నాకు తెలుసు. ఫారానికి తెలియదు. ఫారంలో 'దూషణ' అనే గడి ఉంది. 'వరస' అనే గడి లేదు."

ఆ సాయంత్రమే తల్లిదండ్రుల్ని సమావేశపరచి ఆయన ప్రసంగించారు. "సోదర సోదరీమణులారా, శిశువు ఒక పుష్పం. పుష్పాలు రకరకాలు. వాటిని లెక్కపెట్టకుండా వదిలేయడం వల్ల అవి కలిసిపోయి ఏది ఏదో తెలియని దుస్థితి ఈ బడిలో నెలకొంది. దీన్ని సరిదిద్దడానికి పద్నాలుగు రోజుల గడువు ఇస్తున్నాను. నియమాలన్నీ అమలుపరచి, ఒక్క దూషణ కూడా లేకుండా గడువు దాటితే సమత్వ ధ్రువపత్రం వస్తుంది. దాటకపోతే గేటుకు తాళం వస్తుంది. రెండింటినీ నేను సంచిలో తెచ్చాను." ఆయన రెండింటినీ తీసి చూపించారు. తాళం పెద్దది. తల్లిదండ్రులు చప్పట్లు కొట్టారు, దేనికో తెలియకపోయినా.

ఆ తాళాన్ని బానా ముబంగ కళ్ళతోనే కొలిచింది. నలభై ముగ్గురు పిల్లల తల్లులూ తెల్లారేసరికి సంతకు పోవాలి. బడి మూస్తే ఆ పిల్లలు పోయేది రైలు పట్టాల మీదికే. ఆవిడ వంటింట్లోకి పోయి, "పద్నాలుగు రోజులే కదే. నోళ్ళు కట్టేసుకుందాం," అంది.

"నువ్వు కట్టుకోగలిగితే నేనూ కట్టుకుంటా," అంది అమాయ్ జెరె.

మర్నాటి నుంచి నియమాలు మొదలయ్యాయి. మొదటిది తెగల లెక్క. బానా ముబంగ పదకొండేళ్లలో పిల్లల్ని అడిగిన ప్రశ్నలు రెండే: ముక్కు తుడుచుకున్నావా, ఒంటికి పోయొచ్చావా. మూడో ప్రశ్న చీలో గారు స్వయంగా అడిగారు. "నీ తెగ ఏమిటి తల్లీ?" అంటే మపాలో అనే పిల్ల చాలాసేపు ఆలోచించి, "గురువారం," అంది. ఇంకొకడు, "మాది కుళాయి పక్కన," అన్నాడు. యోబె అనే బుడతడు మాత్రం తడుముకోకుండా, "బస్సు," అన్నాడు. ఆ వారం వాడు నిజంగానే బస్సు. నోటితో హారను కొట్టుకుంటూ వచ్చి, హారను కొట్టుకుంటూ పోయేవాడు.

గడి ఖాళీగా ఉండకూడదు కనుక "బస్సు" అనే నమోదయింది. సాయంత్రానికి సంఘం కార్యాలయం నుంచి ఆదేశం వచ్చింది. బస్సు తెగలో ఒక్కడే సభ్యుడు మిగిలినందున అది అంతరించిపోయే ప్రమాదంలో ఉంది. కాబట్టి వాడికి ప్రత్యేకంగా ఒక చాప, జారుడుబల్ల మీద మొదటి వంతు, భోజనంలో మొదటి ముద్ద కేటాయించవలసింది. ఇది తెలిసిన సోమవారానికి బస్సులు ఏడయ్యాయి. బుధవారానికి పందొమ్మిది. బస్సు తెగ పొరుగు జిల్లాల నుంచి వలస వచ్చి స్థానికుల్ని మింగేస్తోందని చీలో గారు ఆందోళనగా నివేదిక పంపారు. ఈలోగా బస్సుల్లోనే మినీబస్సులు విడిపోయాయి. పెద్ద బస్సులు తమను మూల చాప మీదికి నెట్టేస్తున్నాయని మినీబస్సులు ఏడుపు లంకించుకున్నాయి, దాంతో ఒక ఉపసంఘం వేయవలసి వచ్చింది.

బొమ్మల సంగతి ఇంకా ముఖ్యం. నాలుగు బొమ్మలూ గులాబీరంగువి. గులాబీరంగు పిల్లలు మా కబ్వేలో ఒక్కరూ లేరు. కనుక బొమ్మలకు గోధుమరంగు వేశారు. అది ఏ తెగ రంగు అనే ప్రశ్న వచ్చింది. మీద ఇంకొకటి వేశారు. మళ్ళీ ప్రశ్న వచ్చింది. ఆరో పూత తర్వాత నాలుగూ బూడిదరంగులో స్థిరపడ్డాయి. పిల్లలు వాటిని చూసి జ్వరం వచ్చిందనుకుని పడుకోబెట్టి దుప్పటి కప్పారు. గడువు ముగిసేదాకా బొమ్మలు మంచం దిగలేదు.

మధ్యాహ్నం నిద్రలోనూ ఘోరమైన అసమానత బయటపడింది. కొందరు తల వాల్చగానే నిద్రపోతున్నారు, కొందరికి అరగంటైనా పట్టడం లేదు. ముందు నిద్రపోయినవాళ్ళని లేపి, వెనకబడినవాళ్ళకు అవకాశం ఇవ్వాలని ఆదేశం. లేపినవాళ్ళు ఏడ్చారు. ఆ ఏడుపుకి తక్కినవాళ్ళు లేచారు. నలభై ముగ్గురూ సమానంగా మేలుకుని ఉన్న ఆ దృశ్యాన్ని చీలో గారు ఫోటో తీసుకున్నారు.

కథలనూ సంస్కరించారు. కుందేలు సింహాన్ని మోసం చేసిందని చెప్పడం కుందేళ్ళ మీద దురభిప్రాయం కలిగిస్తుంది, సింహం మోసపోయిందనడం సింహాలకు చిన్నతనం. కాబట్టి బానా ముబంగ పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని ఆమోదిత కథ చెప్పింది. "అనగనగా ఒక కుందేలు, ఒక సింహం. ఇద్దరూ మంచివాళ్ళు."

"తర్వాత?" అన్నారు పిల్లలు.

"అంతే."

మపాలో వచ్చి ఆవిడ నుదుటి మీద చెయ్యి వేసి, బొమ్మల పక్కన పడుకోమంది.

ఇవన్నీ బానా ముబంగ భరించింది. పిల్లలున్న ఇంట్లో పిచ్చిపనులు కొత్తకాదు. ఆవిడ భరించలేకపోయింది మర్యాదని.

మొదటి రెండు రోజులూ అది ఆటలాగే నడిచింది. "శుభోదయం శ్రీమతి జెరె గారూ, నేటి ఎన్‌షిమా అత్యుత్తమంగా కుదిరింది," అనేది ఈవిడ. "ధన్యవాదాలు శ్రీమతి గారూ, మీ అభిప్రాయం నాకెంతో విలువైనది," అనేది ఆవిడ. ఇద్దరూ గోడచాటుకు పోయి నడుముకు చుట్టుకున్న చిటెంగె గుడ్డ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుకునేవారు. మూడో రోజుకు నవ్వు రాలేదు. ఐదో రోజున కూరలో ఉప్పు ఎక్కువైంది. పాత రోజుల్లో అయితే "ఎలకల కన్నీళ్ళు పోశావా" అని ఒక్క మాటతో తేలిపోయేది. ఇప్పుడు బానా ముబంగ, "లవణం విషయంలో దయచేసి పునరాలోచించగలరా," అని అడిగింది. అమాయ్ జెరె గంటె కింద పెట్టింది. పదకొండేళ్లలో ఎవరూ ఆవిడ వంటకు వంక పెట్టలేదు. తిట్టారంతే. తిట్టడం వేరు, వంక పెట్టడం వేరు.

గేటు దగ్గర తల్లులకూ ఇదే తంతు. ఎంగోనీవాళ్ళని చూసి బెంబావాళ్ళు నమస్కరించి తప్పుకుంటున్నారు.

"మా ఆయన్ని చూసి ఆవిడ 'కులాసాయేనా అండీ' అందట. మేమేం పాపం చేశామమ్మా?" అంది ఒక తల్లి.

"మా అత్తగారిని 'దయచేసి' అన్నారు. ముసలావిడ రెండు రోజులు అన్నం ముట్టలేదు," అంది ఇంకొకావిడ.

వరసవాళ్ళు మర్యాదగా మాట్లాడారంటే మా దగ్గర ఒకటే అర్థం, పగ పట్టారని. తొమ్మిదో రోజుకు తల్లులు గేటుకు అటొక గుంపు, ఇటొక గుంపుగా నిలబడ్డారు. ముత్తాతల యుద్ధం తర్వాత కబ్వేలో ఆ రెండు తెగలూ వేరుగా నిలబడింది అదే మొదటిసారి. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడింది. గుంపులు స్పష్టంగా ఏర్పడినందువల్ల లెక్క తేలికైందని చీలో గారు సంతోషించారు. తొమ్మిది రోజుల్లో ఒక్క దూషణ లేదు. ఇలాంటి ప్రగతి దేశంలో మరెక్కడా నమోదు కాలేదట.

పన్నెండో రోజున అమాయ్ జెరె అన్నయ్య పోయాడు.

ఆయన రైల్వేలో గార్డుగా చేసి దిగినవాడు, బానా ముబంగకు ఇరవై ఏళ్లుగా ఎరుకైన మనిషి. కబురు వినగానే ఆవిడ కొంగు బిగించి బయలుదేరింది. చీలో గారు అడ్డంగా వచ్చారు.

"వెళ్ళండి, తప్పక వెళ్ళండి. కానీ నియమావళి బడి దాటినా వర్తిస్తుంది. సంతాపానికి ఆమోదిత వాక్యం ఉంది," అని ఒక కాగితం చేతిలో పెట్టారు. "ఇంకో రెండు రోజులే అమ్మా. ధ్రువపత్రం మీద నేను సంతకం కూడా పెట్టేశాను. నన్ను దాన్ని చింపనివ్వకండి." ఆయన కూడా రిజిస్టరు చంకన పెట్టుకుని వెంట నడిచారు.

చావు ఇంట్లో ఆడవాళ్ళు చాపల మీద కూర్చుని ఉన్నారు. మగవాళ్ళు బయట నెగడు చుట్టూ ఉన్నారు. పొయ్యి రాజేయలేదు. నీళ్ళు తేలేదు. అవి చేయవలసిన వరసవాళ్ళు గేటు దగ్గర వరసగా నిలబడి, ఆమోదిత కాగితాలు చేతుల్లో పట్టుకుని, ఒక్కొక్కరే వచ్చి చదివి పోతున్నారు. నవ్వించేవాళ్ళు లేక అమాయ్ జెరె ఏడుపు కూడా సగంలో ఆగిపోయి ఉంది.

బానా ముబంగ గుమ్మంలో నిలబడి కాగితం విప్పింది. "మీ వైవిధ్యభరితమైన దుఃఖంలో..." అని మొదలుపెట్టింది.

అమాయ్ జెరె తలెత్తి చూసింది. "చదువు," అంది. "అందరూ చదివారు. నువ్వూ చదివెయ్."

బానా ముబంగకు నలభై ముగ్గురు పిల్లలు కళ్ళ ముందు కదిలారు. తాళం కదిలింది. పక్కన చీలో గారు పెన్ను మూత తీశారు. ఆవిడ కాగితం మడిచి రవికలో దోపుకుంది. తిన్నగా లోపలికి నడిచి, మేకుకు తగిలించిన పోయినాయన రైల్వే టోపీ తీసి నెత్తిన పెట్టుకుని, ఆయన కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని కూర్చుంది.

"ఏడీ ఆ ఎలకలు తినే ముసలాడు?" అంది ఊరంతా వినబడేలా. "ఇరవై ఏళ్ళు మా ఇంట్లో వేరుశనక్కూర తిని, చెప్పాపెట్టకుండా పోతాడా? లెమ్మనండి. ఎక్కడికి పోతున్నాడట? స్వర్గానికా? అక్కడ పిల్లులుంటాయిరా సన్నాసీ, ఎలకొక్కటి మిగలదు, పస్తులుంటావు, వెనక్కి రా. బతికుండగా ఒక్క రైలూ వేళకి పంపలేదు, ఇవాళ మాత్రం తొందరొచ్చిందా నీకు?"

చాపల మీద ఎవరో కిసుక్కుమన్నారు. అమాయ్ జెరెకు లోపల్నుంచి నవ్వూ ఏడుపూ ఒకేసారి తన్నుకొచ్చాయి. లేచొచ్చి బానా ముబంగ భుజాల మీద దబదబా బాదుతూ, "కోతిమొహందానా, ఇన్నాళ్ళూ ఎక్కడ చచ్చావే," అని కావలించుకుని గుండెలు పగిలేట్టు ఏడ్చింది. బానా ముబంగ కూడా ఏడ్చింది, టోపీ తీయకుండానే. గేటు దగ్గరున్న వరసవాళ్ళు కాగితాలతో పొయ్యి రాజేశారు. చక్కగా అంటుకుంది. మూడు రోజులు బానా ముబంగ ఆ ఇల్లు ఊడ్చింది, నీళ్ళు మోసింది, వండి పెట్టింది, నోటికొచ్చినట్టు తిట్టింది.

చీలో గారి రిజిస్టరులో ఆ మధ్యాహ్నం ఒక్కదానికే ఎనభై రెండు దూషణలు ఎక్కాయి. పిల్లుల మాటకు ఆయన కూడా పడీ పడీ నవ్వారు. నవ్వడం పూర్తయ్యాక నిజాయితీగా దాన్నీ నమోదు చేసుకున్నారు.

పద్నాలుగో రోజు తాళం పడింది. పడేముందు ప్రసంగం జరిగింది. "ఇది ఓటమి కాదు. ఈ బడి మూతపడటం వల్ల ఇందులో ఇక ఎన్నటికీ ఏ వివక్షా జరగదు. ఇంత సంపూర్ణమైన సమత్వం తెరిచి ఉన్న ఏ బడిలోనూ సాధ్యం కాదు," అన్నారు చీలో గారు. పిల్లలందర్నీ రోడ్డుకు అవతల కొత్తగా వెలసిన ఆదర్శ శిశు సమత్వ కేంద్రంలో చేర్పించారు. అక్కడ ఒక్కో తెగకు ఒక్కో రంగు రిబ్బను, ఒక్కో చాప. కిటికీలోంచి చూసినా వైవిధ్యం ఎంతుందో లెక్కపెట్టవచ్చు.

బానా ముబంగా అమాయ్ జెరే ఇప్పుడు ఆ కేంద్రం గేటు ఎదురుగానే పొయ్యి పెట్టుకుని పిండి గారెలు వేస్తున్నారు. తిట్లు ఉచితం. తల్లులు కొందరు గారెల కోసం వస్తారు, చాలామంది తిట్ల కోసం వస్తారు. పిల్లలు గోడ మీదినుంచి తొంగిచూసి నవ్వుతుంటారని ఈమధ్యనే ఆ గోడను రెండడుగులు పెంచారు.

మొన్న ఒక తల్లి కొత్త పిల్లవాణ్ణి వేలు పట్టుకుని తీసుకొచ్చింది. గేటు దగ్గర నాలుగేళ్ళ పాప, పచ్చ రిబ్బను కట్టుకుని, చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ఏడాది కిందటైతే కొత్త పిల్లల్ని ఆ వయసువాళ్ళు అడిగేది ఒకటే, చెట్టెక్కడం వచ్చా అని. ఈ పాప అలా మోటుగా అడగలేదు.

"మీ పేరేంటండీ?" అంది. వాడు చెప్పాడు.

"ఇంటిపేరు?" వాడు తల్లివైపు చూసి చెప్పాడు. ఆ పేరు రెండు మూడు తెగల్లో ఉంది. పాపకు తేలలేదు.

"మీ నాన్నగారిది ఏ ఊరండీ?" చెప్పాడు.

"ఆ ఊళ్ళో ఎటువైపు?"

వాడు చెయ్యి అటూ ఇటూ ఊపాడు. పాప ఇంకొంచెం దగ్గరికొచ్చి, అటూ ఇటూ చూసి, గొంతు బాగా తగ్గించి, మొహాన చిరునవ్వు చెదరకుండా, "అంటే... మీరూ..." అని ఆగింది.

గారెల బాణలి దగ్గర ఇద్దరి చేతులూ ఆగిపోయాయి. గేటు పక్కనున్న చీలో గారికి మాత్రం ఆనందంతో కళ్ళు చెమర్చాయి. ఒక్క దూషణ లేదు, ఒక్క కటువైన మాట లేదు, అయినా సమాచారం మొత్తం వచ్చేస్తుంది. ఇంత సున్నితమైన పద్ధతి ప్రపంచంలో ఇంతకుముందు ఎక్కడా లేదని నిర్ధారించుకుని, దాన్ని కేంద్రం సొంత ఆవిష్కరణగా నమోదు చేయమని సంఘం వారు దరఖాస్తు పెట్టారు. తమ తమ ఊళ్ళలో ఇది తాతల నాటినుంచీ వాడుకలో ఉందన్న సంగతి పాఠకులు దయచేసి వారికి చెప్పవద్దు.